చెవి మిషనుకి ఆయుధపూజ

మా నాన్నకి చెవులు వినపడటం లేదని తెలుసుకోవడానికి మాకు రెండేళ్ళు పట్టింది. తప్పు ఆయనది కాదు, మాదే. మాది ఎకసెక్కాల కొంప. అడిగినదానికి ఎవరైనా సూటిగా జవాబు చెబితే ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకు చూసేవాళ్ళం. "అన్నం తిన్నావా" అంటే "లేదు, వాసన చూసి లేచాను" అనే రకాలం. అలాంటి కొంపలో ఒక మనిషి అడిగినదానికి కాక మరోదానికి జవాబు చెబుతుంటే చెవి పోయిందని ఎవరికి తోస్తుంది? జోకేశాడనుకుని నవ్వి ఊరుకున్నాం.

డెబ్బైల్లో మాట ఇది. బెజవాడ ఆటోనగర్‌లో మాకు లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఇల్లు పటమటలో. నేను ఏడో తరగతిలో బడి మానేసి షెడ్డులో చేరాను. మా లెక్కల మాస్టారు మాత్రం నేను బడి మానలేదనీ, బడే నన్ను మానేసిందనీ చెప్పేవారు. నేను చెబుతున్న రోజులకి నాకు పాతికేళ్ళు దాటాయి. స్పానర్లు తిప్పడంలో చెయ్యి తిరిగింది, నాలుక అంతకుముందే తిరిగింది.

ఒకసారి ఒక డ్రైవరు వచ్చి "క్లచ్ ప్లేటు అయిపోయింది మేస్త్రీ" అన్నాడు. మా నాన్న పక్కనున్న ఇడ్లీ బండి చూపించి, "అయిపోతే ఇంకోటి చెప్పు, వేడిగా దింపుతున్నాడు" అన్నాడు. డ్రైవరు కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. వారం తిరక్కుండా ఆ మాట హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళింది, మేస్త్రీ గారి జోకని అందరూ చెప్పుకున్నారు. ఆయనకి 'క్లచ్' అన్న ముక్క వినపడలేదని ఒక్కడికీ తెలియలేదు. మేం నవ్వినప్పుడల్లా ఆయన కూడా నవ్వేవాడు, ఎందుకో తెలియకుండానే.

అసలు సంగతి ఒక ఎండాకాలం పొద్దున బయటపడింది. ఒక లారీ ఇంజను నడిపిస్తున్నాం. నేను క్యాబిన్లో కూర్చుని యాక్సిలేటరు తొక్కుతున్నాను. మా నాన్న బానెట్టు కింద కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఇంజను వినేటప్పుడు ఆయన కళ్ళు మూసుకునేవాడు. డీజిలు అయిపోయి ఇంజను టుక్కున ఆగిపోయింది. పక్క షెడ్డులో మాత్రం ఇంకో ఇంజను మోగుతూనే ఉంది. మా నాన్న కళ్ళు తెరవలేదు. చెయ్యి ఎత్తి ఊపుతూ, "ఇంకొంచెం రేసివ్వరా" అన్నాడు. ఆగిపోయిన ఇంజనుని అలాగే వింటూ నిలబడ్డాడు.

ఆరోజు నేను నవ్వలేదు.

మా షెడ్డు సంగతి కొంచెం చెప్పాలి. ఇంజను విప్పడం, బిగించడం నాలాంటి వాళ్ళెవరైనా చేస్తారు. విప్పకముందే లోపల ఏం పోయిందో చెప్పడం మా నాన్న పని. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, ఫలానా చోట ఫలానాది పోయింది అనేవాడు. విప్పితే అదే ఉండేది. లారీల వాళ్ళు మా దగ్గరికి వచ్చేది అందుకే, మా మొహాలు చూసి కాదు. నాకూ రెండు చెవులున్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ పాత లారీలో అన్నీ మోగుతాయి. నా చెవులకి ఆ మోతంతా ఒకటే గోల. అందులో ఏ చప్పుడు జబ్బో, ఏ చప్పుడు వయసో విడదీసి చెప్పడం ఆయన ఒక్కడికే చేతనవును. ఆ చెవి పోతే ఆయనకి షెడ్డులో మిగిలేది ఒక కుర్చీ.

గవర్నరుపేటలో చెవి డాక్టరుకి చూపించాం. ముప్పై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు ఇక మందులకి రావు, మిషను పెట్టుకోవాలి అన్నాడాయన. బీసెంట్ రోడ్డులో అవి అమ్మే ఒక కొట్టుంటే వెళ్ళాం. కొట్టాయన మా నాన్న చెవిలో మైనం లాంటి ముద్ద పెట్టి అచ్చు తీశాడు. పదిహేను రోజుల తర్వాత మిషను చేతికొచ్చింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పెట్టె, జేబులో పెట్టుకోవాలి. దాని ముఖాన జల్లెడ లాంటి చిల్లులు, వాటి వెనక మైకు. పెట్టె నుంచి ఒక తీగ, తీగ చివర బొత్తాం లాంటి స్పీకరు, దానికి తగిలించి చెవిలో దూర్చే అచ్చు. లోపల పెన్సిల్ సెల్లు.

కొట్టాయన నాకు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు.

"చూడు బాబూ, దీనికి చెమట తగలకూడదు."

"సరేనండీ."

"నీళ్ళు, నూనె, దుమ్ము అసలే తగలకూడదు. ఎండలో పెట్టకూడదు. చిల్లుల్లో సూదులూ పిన్నులూ పెట్టి గెలకొద్దు. పడుకునేముందు సెల్లు బయటికి తీసెయ్యాలి, లేకపోతే కారి లోపలంతా తినేస్తుంది. అచ్చు మటుకు విడిగా ఊడదీసి సబ్బునీళ్ళతో కడగొచ్చు. తడి పూర్తిగా ఆరాకే తగిలించాలి. పెద్ద చప్పుళ్ళ దగ్గర పెట్టుకుంటే ఉన్న చెవి కూడా పోతుంది. ఇంతకీ మీ నాన్నగారు ఏం చేస్తుంటారు?"

"లారీ ఇంజన్లు బాగుచేస్తారండీ."

ఆయన నా వంక చూశాడు, మా నాన్న గోళ్ళలో గ్రీజు వంక చూశాడు.

"ఆదివారాలు పెట్టుకోమను" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ మిషను ఆలనాపాలనా నా మెడకి చుట్టుకుంది. మా అమ్మ దాన్ని ముట్టుకోదు, షాకు కొడుతుందని భయం. పెన్సిల్ సెల్లు షాకు కొట్టదమ్మా అంటే, "నీకేం తెలుసు, ఏడో తరగతి" అనేది. ఆవిడ చదివింది మూడు. మా నాన్న ముట్టుకుంటాడు గానీ ఆ చేతులతో ముట్టుకోకపోతేనే మేలు. కాబట్టి సాయంత్రం ఇంటికి రాగానే నేను నా ముఖం కడుక్కోకముందే దాని ముఖం తుడవాలి. అచ్చు ఊడదీయాలి, కడగాలి, చిల్లులో నీటి చుక్క మిగలకుండా ఊదాలి, సెల్లు తీయాలి, డబ్బాలో పెట్టాలి. పసిపిల్లకి కూడా ఇంత చాకిరీ ఉండదు. పసిపిల్ల ఏడిస్తే కనీసం ఎందుకో ఊహించుకోవచ్చు. ఇది ఎప్పుడు పడితే అప్పుడు కుయ్యిమని కూసేది. అచ్చు చెవిలో సరిగ్గా కూర్చోకపోతే అలా కూస్తుందని కొట్టాయన చెప్పాడు. మా నాన్నకి ఆ కూత వినపడదు. వీధి వీధంతా వినపడుతుంది. మా అమ్మ మొదటి నెలంతా కుక్కరు అనుకుని వంటింట్లోకి పరుగెత్తేది.

మా నాన్న షెడ్డుకి దాన్ని బనీను జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. బెజవాడ ఎండల్లో బనీను జేబు అంటే చెరువుతో సమానం. చొక్కా జేబులోకి మార్చమంటే దుమ్మన్నాడు. పైన గుడ్డ సంచీ కుట్టిస్తే గుడ్డ రాసుకుని గరగరమంటోందన్నాడు. నేను చెప్పిన ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక వంక ఉండేది. ఆయన చెప్పిన ప్రతి వంకకీ నేనొక గుడ్డపీలిక పట్టుకుని తిరిగేవాణ్ణి.

ఇంకో తమాషా, కొట్టాయన షెడ్డులో తీసెయ్యమన్నాడు, ఇంట్లో పెట్టుకోమన్నాడు. మా నాన్న సరిగ్గా తలకిందులు చేశాడు. సాయంత్రం ఇంటికి బయల్దేరి షెడ్డు గేటు దాటగానే మీట నొక్కి ఆపేసేవాడు.

"ఇంటికొచ్చేటప్పటికే ఆయనకి సెల్లు గుర్తొస్తుంది" అంది మా అమ్మ నాతో. "అడుగు, ఎందుకాపారో."

నేను అడిగాను. సైగ చేసి మరీ అడిగాను.

"సెల్లు అరిగిపోతుందిరా."

"నా మాటలకే అరుగుతుందా అనడుగు" అంది అమ్మ.

"మీ అమ్మ మాటలకి బ్యాటరీ చాలదురా, డైనమో కావాలి" అన్నాడు. వినపడకపోయినా ఆవిడ ఏమందో ఆయనకి తెలుసు.

అంతటితో పోలేదు. మా అమ్మ ఆదివారం తలంటు పోస్తూ, పెళ్ళయిన దగ్గర్నించీ పోస్తున్నట్టే, వెల్లుల్లి వేసి కాచిన నూనె ఆయన చెవిలో పోసింది. ఆయన చెవి తుడుచుకోకుండా అచ్చు పెట్టుకున్నాడు. అది జర్రుమని జారి ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ పడింది. మూడోసారికి నూనె అచ్చు చిల్లులోంచి పైకెక్కి స్పీకరులోకి పోయింది. నేను ఆ పూటంతా దూదితో తుడుస్తూ కూర్చున్నాను.

"నూనె పొయ్యకూడదన్నాడుగా అమ్మా."

"మిషనుకి పొయ్యొద్దన్నాడు. నేను చెవికి పోశాను" అంది.

ఆవిడతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

ఇంత చేసినా షెడ్డులో ఆ మిషనుతో ఆయన సుఖపడింది లేదు. అది అన్నింటినీ ఒకేలా పెద్దది చేస్తుంది. పక్కన డెంటింగు షెడ్డులో సుత్తి దెబ్బ పడితే ఈయన తల మీద పడ్డట్టు ఉలిక్కిపడి అచ్చు పీకి జేబులో కుక్కేవాడు. ఇంజను దగ్గర పెట్టుకుని వింటే, "అది ఇంజను గొంతు కాదురా, ఇంజను ఎక్కణ్ణించో ఫోనులో మాట్లాడుతున్నట్టుంది" అన్నాడు. అయినా మానలేదు. చుట్టుపక్కల షెడ్లు తెరవకముందే పొద్దున్నే వెళ్ళి, ఏదో ఒక ఇంజను నెమ్మదిగా నడిపించి, కొత్త గొంతుని అలవాటు చేసుకునేవాడు. ఏడో క్లాసు ఫెయిలైన నేను చదువుకోవడం అంటే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

ఇలా ఉండగా ఒకరోజు హనుమాన్ జంక్షన్ నుంచి ఒక లారీల ఓనరు గారు వచ్చారు. నాలుగు లారీలు ఆయనకి. మా నాన్న చెవిని నమ్మి ఏళ్ళ తరబడి మా షెడ్డుకే తెచ్చిన మనిషి. మా నాన్న లోపల ఉండగా నన్ను పక్కకి పిలిచారు.

"అబ్బాయ్, మీ నాన్నకి వినపడటం లేదంటున్నారు. నిజమేనా?"

"మీ బండి చప్పుడు జంక్షన్‌లో బయల్దేరినప్పుడే మాకు వినపడుతుందండీ. దానికి చెవులెందుకు?"

ఆయన నవ్వలేదు.

"పెద్ద బండి కింద ఏదో కొడుతోంది. మా డ్రైవరు ఒకటంటాడు, కొత్తగా పెట్టిన వర్క్‌షాపు వాళ్ళు మొత్తం విప్పాలంటారు. పండగ వెళ్ళాక ఇక్కడికి తెస్తాను. మీ నాన్న విని చెబితే ఆయన చేతే చేయిస్తా. చెప్పలేకపోతే ఏమీ అనుకోవద్దు, నాలుగు బళ్ళూ అటే పంపించేస్తా. ఆయన మీద గౌరవం లేక కాదు."

గౌరవం అన్న మాట వినగానే నాకు భయమేసింది. మా షెడ్లలో ఆ మాట ఎవరినైనా కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడే వాడతారు.

మా నాన్నకి చెప్పాను. ఆ సాయంత్రం మొదటిసారి మిషను తనే తుడుచుకున్నాడు.

దసరాకి షెడ్డులో ఆయుధపూజ. పనిముట్లన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, కొత్త గోనెపట్టా మీద వరసగా పేర్చడం నా పని. స్పానర్లు, సుత్తులు, జాకీ, టార్కు రెంచి, పక్కన బెంచీకి బిగించిన వైసు. మా నాన్న చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చెవిలోంచి అచ్చు తీసి, తీగ చుట్టచుట్టి, జేబులోంచి పెట్టె తీసి, పొడుగు స్క్రూడ్రైవరు పక్కన జాగ్రత్తగా పెట్టాడు. అదీ పనిముట్టేగా. నాకూ సబబుగానే తోచింది.

పళ్ళెంలో తడిపిన పసుపు పట్టుకుని ఒక చివర్నించి మొదలుపెట్టాను. మూడు వేళ్ళ పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. సుత్తికి, జాకీకి, రెంచికి. చిన్నప్పట్నించి చేసిన పని, చెయ్యి దానంతటదే పోతుంది, బుర్రతో పని లేదు. స్క్రూడ్రైవరుకి పెట్టాను. ఆ పక్కదానికీ పెట్టాను. మూడు వేళ్ళ పసుపు, నిండుగా బొట్టు. హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టి, లారీ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ఇంటికి బయల్దేరుతుంటే కొట్టాయన మాట గుర్తొచ్చింది, సెల్లు తీసెయ్యాలని.

"ఆగు" అంది పూజకని షెడ్డుకి వచ్చిన మా అమ్మ. "పూజలో పెట్టింది రేపటిదాకా కదపకూడదు."

"సెల్లు ఒక్కటే తీస్తానమ్మా."

"ఒక్కటీ వద్దు. అమ్మవారి ముందు పెట్టాక అది నీది కాదు."

అలాగే వదిలేసి వెళ్ళాం. మర్నాడు షెడ్డు తెరిచి మా నాన్న దానికి దణ్ణం పెట్టుకుని చెవికి తగిలించుకున్నాడు. చప్పుడు పెంచే చక్రం తిప్పాడు, ఇంకా తిప్పాడు.

"సెల్లు పోయినట్టుందిరా."

కొత్త సెల్లు వేశాను. అప్పటికీ అంతే. లోపలెక్కడో ఎవరో గొణుగుతున్నట్టుంది అన్నాడు. నేను పెట్టె తీసుకుని వెలుతురులో చూశాను. చిల్లులు లేవు. చిల్లులుండాల్సిన చోట పసుపు గోడలా ఎండిపోయి ఉంది, దాని మధ్యలో ఎర్రగా నా బొట్టు.

ఆయనకి చూపించాను. కాసేపు చూశాడు.

"బొట్టు ఎక్కడ పెట్టావురా?"

"ముఖాన" అని ఆయన చెవిలో అరిచాను.

"దానికి ముఖం ఎటుందో ఎలా తెలిసింది?"

"చిల్లులున్నవైపు" అని నా ముఖం, కళ్ళు, ముక్కు చూపించి సైగ చేశాను.

"నిన్ను గుళ్ళో పూజారిగా పెడితే అమ్మవారికి కూడా మన మొర వినపడదురా" అన్నాడు.

తడి పెట్టకూడదు, సూది పెట్టకూడదు. బీసెంట్ రోడ్డు కొట్టు పండక్కి మూసి ఉంటుంది. పొడి కుంచె ఒకటి తెచ్చి, పొడి లోపలికి రాలకుండా పెట్టె బోర్లా పట్టుకుని నెమ్మదిగా దులపడం మొదలుపెట్టాను. నామీద నాకే ఒళ్ళు మండిపోతోంది. ఎండాకాలం నుంచీ ఇంటిల్లిపాదికీ జాగ్రత్తలు నూరిపోసింది నేను, అమ్మని విసుక్కుంది నేను, దాని చెవులు మూసింది కూడా నేనే. సగం చిల్లులు తెరుచుకునేసరికి బయట హారను మోగింది. ఓనరు గారి లారీ.

లారీ దిగుతూనే డ్రైవరు "టాపెట్లే మేస్త్రీ, సెట్ చేస్తే పోతుంది" అన్నాడు. ఓనరు గారు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. ఇంజను నడుస్తోంది. టక్ టక్ టక్ అని ఏదో కొడుతున్న మాట నిజమే. అది పైనా, కిందా, ముందా, వెనకా అంటే నా చెవులు ఏ సాయమూ చెయ్యలేదు. మా నాన్న పెట్టె చొక్కా జేబులో వేసుకుని, బానెట్టు కింద వంగి, కళ్ళు మూసుకున్నాడు.

చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి నావైపు చూశాడు. ఆ చూపు నాకర్థమైంది. గొణుగుడు తప్ప ఏమీ రావడం లేదు. డ్రైవరు ఓనరు గారి వైపు చూశాడు. ఓనరు గారు నేల వైపు చూశారు.

అప్పుడు మా నాన్న జేబులోంచి పెట్టె బయటికి తీశాడు. చప్పుడు పెంచే చక్రం పూర్తిగా తగ్గించాడు. పెట్టె ముఖాన్ని తీసుకెళ్ళి తిన్నగా ఇంజను ఒంటికి ఆనించాడు, ఒకప్పుడు స్క్రూడ్రైవరు మొన ఆనించినట్టు.

"నాన్నా, వద్దు. వేడి. నూనె."

ఎన్ని చెప్పినా ఏం లాభం, నా మాట వినాల్సిన మైకు ఇంజనుకి అతుక్కుని ఉంది. ఆయన ముఖం మాత్రం మారిపోయింది. పెట్టెని ఒక్కో సిలిండరు దగ్గరికీ జరుపుతూ, చక్రం రవ్వంత పెంచుతూ తగ్గిస్తూ, పెదాలు బిగించి వింటున్నాడు. నాకు వేళ్ళతో సైగ చేశాడు. ఆ సైగ నాకు తెలుసు. ఒక్కో సిలిండరుకి డీజిలు వెళ్ళే పైపు వదులు చేస్తూ పోవాలి, ఏది ఆపినప్పుడు చప్పుడు తగ్గుతుందో ఆయన చూస్తాడు. ఒకటోది వదులు చేసి బిగించాను. రెండోది. మూడోది వదులు చేయగానే ఆయన చెయ్యి లేచింది. బిగించమన్నాడు. మళ్ళీ వదులు చేయమన్నాడు. మళ్ళీ చెయ్యి లేచింది.

అక్కడితో ఆపితే మా నాన్న ఎలా అవుతాడు. ఎందుకైనా మంచిదని ముందువైపు కూడా చూద్దామని రేడియేటరు పక్కకి వంగాడు. చెవికీ చేతికీ మధ్య వేలాడుతున్న తీగని ఫ్యానుబెల్టు అందుకుంది.

కళ్ళు ఆర్పేలోపు అయిపోయింది. చెవిలోంచి అచ్చు పీక్కుపోయింది, స్పీకరు ఫ్యాను రెక్కకి తగిలి ముక్కలై ఎగిరింది, పెట్టె చేతిలోంచి జారి నేల మీద నూనె మడుగులో పడింది. ఆయన చెవి పట్టుకుని వెనక్కి తూలాడు. నేను క్యాబిన్లోకి ఎగిరి ఇంజను ఆపాను.

చెవి వెనక గీసుకుపోయి నెత్తురు కారుతోంది. చెయ్యి తీయించి చూశాను, లోతుగా లేదు. అప్పుడు మొదలుపెట్టాను. ఎండాకాలం నుంచి లోపల దాచుకున్నదంతా బయటికొచ్చింది. నీకు బుద్ధుందా అన్నాను. మెడకి చుట్టుకుంటే ఏమయ్యేది అన్నాను. ఆ కొట్టాయన నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడే, నేను రోజూ గుడ్డపీలికలు పట్టుకుని నీ వెనక తిరుగుతున్నానే, ఒక్కరోజు నా మాట విన్నావా అన్నాను. డ్రైవరు, ఓనరు గారు కదలకుండా నిలబడి విన్నారు. షెడ్డులో వినపడనిది ఒక్క మా నాన్నకే. నా నోరు ఆడటం చూస్తూ ఓపిగ్గా నిలబడ్డాడు. అది ఆగాక అన్నాడు:

"మూడోది. బిగ్ ఎండ్ బేరింగు."

ఓనరు గారు దగ్గరికొచ్చారు. "టాపెట్లు కాదా మేస్త్రీ?"

నేను మా నాన్న దెబ్బ తగలని చెవి పక్కన అదే మాట అరిచాను.

"టాపెట్లయితే పైన కొడతాయి. ఇది కింద, పిస్టన్ రాడ్డు అడుగున కొడుతోంది. చాంబరు విప్పండి, మొత్తం ఇంజను విప్పక్కర్లేదు."

ఓనరు గారు ఆయన చెవి వెనక నెత్తురు చూశారు, నావైపు చూశారు. "విప్పు అబ్బాయ్" అన్నారు.

ఆయిలు దించి, ఇంజను అడుగున ఉండే చాంబరు విప్పి, లారీ కింద వెల్లకిలా పడుకుని మూడోదాని బోల్టులు తీశాను. బేరింగు చేతిలోకి వచ్చింది. పైపూత మొత్తం లేచిపోయి రాగి బయటపడి ఉంది. బయటికి పాక్కుంటూ వచ్చేసరికి మా నాన్న నేల మీద చతికిలబడి మిషను ముక్కలు ఏరుకుంటున్నాడు. లేచి చూడలేదు. నేను వెళ్ళి బేరింగు ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలి గోరుతో ఒకసారి గీసి చూసి, తిరిగి నాకిచ్చి, మళ్ళీ ముక్కలు ఏరుకోవడంలో పడ్డాడు.

"మిగతా మూడు బళ్ళూ కూడా ఒకసారి వినండి మేస్త్రీ" అన్నారు ఓనరు గారు.

"ఏంటండీ?" అన్నాడు మా నాన్న.

రెండోసారి ఆయన చెప్పింది ఆటోనగర్ మొత్తానికి వినపడింది.

నాలుగు రోజుల తర్వాత నేను మిషను రుమాల్లో మూటగట్టుకుని బీసెంట్ రోడ్డు కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన మూట విప్పి, ఒక్కో ముక్కా బల్ల మీద పేర్చాడు. చిల్లుల్లో ఇంకా పసుపు మిగిలి ఉంది.

"ఇదేంటి బాబూ?"

"ఆయుధపూజ చేశామండీ."

"దీనికా?"

"పనిముట్లన్నింటితోపాటు."

"మరి ఈ తీగ?"

"ఫ్యానులో పడిందండీ."

"మీ ఇంట్లో ఫ్యాను అంత కిందకి ఉంటుందా?"

"లారీలో ఫ్యానండీ."

ఆయన తీగ ఎత్తి వెలుతురులో చూశాడు. నేను చివాట్లకి సిద్ధపడ్డాను. చివాట్లు పెడితే బాగుండేది. "అచ్చు తేలిగ్గా ఊడి వచ్చింది కాబట్టి చెవి దక్కింది" అని నెమ్మదిగా అన్నాడు. "తీగ చొక్కా లోపలినుంచి పోనివ్వాలి బాబూ. తిరిగేవాటి దగ్గర అసలు ఉండకూడదు. వినపడకపోయినా మనిషి బతుకుతాడు." స్పీకరు, తీగ మద్రాసు నుంచి రావాలన్నాడు. నాలుగు వారాలు పట్టింది.

అవి వచ్చిన రోజు నేను మా నాన్న ముందు కూర్చుని, ఆయన అచ్చు పెట్టుకునేదాకా ఆగి, వినపడుతోందా అని అడిగి, అప్పుడు చెప్పాను.

"ఇకమీదట నడిచే ఇంజను దగ్గర ఇది వద్దు."

"ఎందుకూ?"

"చెవి వెనక మచ్చనడుగు."

"మరి షెడ్డుకి ఎందుకు రావడం? కుర్చీ తుడవడానికా?"

"ఇంట్లో అమ్మ మాటలు వినొచ్చుగా."

"వింటున్నానుగా" అన్నాడు. మీట మీద వేలు అప్పుడే ఉంది.

పది రోజులు పోట్లాడుకున్నాం. ఆయన మిషను ఇంటి దగ్గర పెట్టి షెడ్డుకి రావడం మొదలుపెట్టాడు. వచ్చి ఒక మూల కూర్చునేవాడు. ఇంజను దగ్గరికి రమ్మంటే రాడు. వచ్చిన లారీల వాళ్ళు ఏం పోయిందో చెప్పమని నన్నడిగేవాళ్ళు, నేను నా రెండు మంచి చెవులు పెట్టుకుని తెల్లమొహం వేసేవాణ్ణి. రెండు ఇంజన్లు అనవసరంగా విప్పాను. ఒకదాంట్లో ఏమీ లేదు. మూడోది రాగానే నేనే ఇంటికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి మిషను తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

అయితే నా షరతులు నావి. పెట్టెకి పల్చటి గుడ్డ తొడుగు, ఎప్పుడూ శుభ్రమైనది. తీగ చొక్కా లోపల్నుంచి, చేతి పొడుగునా, మణికట్టు దగ్గర బయటికి. అందుకోసం ఎండాకాలంలో కూడా ఆయన పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, గుండీ పెట్టుకోవాలి. చక్రం తగ్గించాకే స్టార్టు చేయడం. అన్నింటికంటే ముఖ్యం, ఆయన వంగడానికి ముందు ఫ్యానుబెల్టు విప్పెయ్యాలి. బెల్టు లేకపోతే ఫ్యాను తిరగదు. ఇంజను వేడెక్కిపోతుంది కాబట్టి రెండు మూడు నిమిషాల్లో వినడం అయిపోవాలి. ఆయన అన్నింటికీ ఒప్పుకున్నాడు. ఎందుకొప్పుకోడు, విప్పేది నేను, మళ్ళీ బిగించేది నేను. పాత లారీల్లో బెల్టుని బిగువుగా పట్టి ఉంచే డైనమో బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, దాన్ని వదులు చెయ్యడానికే ప్రాణం పోయేది. వేళ్ళ కణుపులు చెక్కుకుపోయేవి. లారీ వచ్చిందంటే చాలు, ఏం జబ్బో తెలియకముందే నాకొక పని.

అన్నీ అయ్యాక ఆయన పెట్టె ఇంజనుకి ఆనించుకుని అడిగేవాడు.

"బెల్టు తీశావా?"

"తీశాను."

"ఏంటీ?"

పెట్టె ఇంజనుని వింటోంది, నన్ను కాదు. అరిచినా ప్రయోజనం లేదని నాకు తెలుసు, అయినా అరిచేవాణ్ణి. తర్వాత బెల్టు ఎత్తి ఆయన ముఖం ముందు ఊపేవాణ్ణి. దాన్ని చూసేవాడు, నా మాట మీద నమ్మకం లేనట్టు ఇంజను వైపు కూడా ఒకసారి తొంగి చూసేవాడు, అప్పుడు కళ్ళు మూసుకునేవాడు.

"ఊఁ, కొట్టు" అనేవాడు. నేను బెల్టు భుజాన వేసుకుని వెళ్ళి స్టార్టు చేసేవాణ్ణి.